మనది కాని యుద్ధం మన గడపదాకా ఎలా వచ్చింది
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మన సంఘం కార్యదర్శిగారు ఫోను చేసి, "స్వర్ణోత్సవంలో నువ్వో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. బడి జ్ఞాపకాలు మాత్రం వద్దు, అవి చెప్పడానికి ఇప్పటికే పదకొండు మంది పేర్లిచ్చారు" అన్నారు. నేనేమో ఇంజనీరుని. పంపులు, వాల్వులు, కాంక్రీటు తప్ప నాకు తెలిసింది తక్కువ. భోజనాల ముందు వాల్వుల గురించి చెబితే మీరు లేచి వంటశాల వైపు వెళ్ళిపోతారు. అందుకని ఈ బడిలో నాకొచ్చిన ఒక సున్నా గురించి చెబుతాను. అది జ్ఞాపకం కిందికి వస్తుందంటే కార్యదర్శిగారు క్షమించాలి.

1983లో పదో తరగతి క్వార్టర్లీ పరీక్ష, సోషల్ పేపరు. రెండో ప్రపంచ యుద్ధంలో భారతదేశం పాత్ర గురించి రాయమని ఐదు మార్కుల ప్రశ్న. నేను ఆ పాఠం చదవలేదు. కానీ ఆ ఏడు మార్చిలోనే ఢిల్లీలో అలీన దేశాల శిఖరాగ్ర సమావేశం జరిగింది. పేపర్లనిండా అవే ఫొటోలు. ఆ ధైర్యంతో, "భారతదేశం శాంతిని కోరే దేశం కనుక ఈ యుద్ధంలో ఎవరి పక్షమూ వహించక తటస్థముగా నుండెను" అని మొదలుపెట్టి అరపేజీ నింపాను. "నుండెను" అని గ్రాంథికంలో రాస్తే మార్కులు ఎక్కువ పడతాయని మా అందరికీ అప్పట్లో ఒక నమ్మకం.

మాస్టారు సున్నా వేశారు. దాని పక్కన ఎర్ర సిరాతో, "ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు" అని రాశారు. ఆ మాస్టారు ఇవాళ ముందు వరసలో కూర్చున్నారు. ఆయనకిది గుర్తుండకపోవచ్చు. ఎంతమందికి సున్నాలు వేశారో!

ఇంట్లో అడగడానికి మా అమ్మమ్మ ఉంది. ఆవిడది కాకినాడ దగ్గర పల్లెటూరు. తాతయ్య పోయాక మా అమ్మ దగ్గరికి ఉయ్యూరు వచ్చేసింది. పేపరు చూపించి, "అమ్మమ్మా, ఆ యుద్ధంలో మనం లేం కదా?" అన్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి, మంచం కింద నుంచి రేకు పెట్టె లాగి, మూట విప్పి, మూడు చిల్లు కాణీలు నా చేతిలో పెట్టింది. మధ్యలో గుండ్రంగా పెద్ద బెజ్జం, చుట్టూ సన్నటి రాగి రంగు చట్రం. "ఈ చిల్లులో రాగి ఎక్కడికి పోయిందనుకున్నావు? యుద్ధానికి పోయింది" అంది.

ఆ మాట నిజమేనని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. 1943 నుంచి కాణీని చిల్లుతో కొట్టడానికి లోహం పొదుపే కారణం. అంతకుముందు 1940లోనే రూపాయిలో వెండి తగ్గించారు. అప్పటిదాకా పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి ఉండే రూపాయి సగం వెండి అయింది. జనం పాత రూపాయిలు దాచేసుకుంటుంటే రూపాయి కాగితం నోటు మళ్ళీ బయటికి తెచ్చారు. బాంబు పడక ముందే, సైరను మోగక ముందే, మన మొలలో ఉన్న డబ్బులోకి యుద్ధం వచ్చి కూర్చుంది.

కాగితం మీద చూస్తే మనం ఎప్పుడూ తటస్థం కాదు. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అదే రోజు వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. కేంద్ర శాసనసభను అడగలేదు. ఎనిమిది రాష్ట్రాల్లో ప్రజలెన్నుకున్న కాంగ్రెసు మంత్రివర్గాలుండేవి, వాటినీ అడగలేదు. మన కృష్ణా జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది, రాజాజీ ప్రధానమంత్రి. ముఖ్యమంత్రిని అప్పుడు అలాగే పిలిచేవారు. ఆ అక్టోబరు చివర ఆయన మంత్రివర్గం రాజీనామా చేసింది. మిగతావీ చేశాయి.

కాగితం సంగతి అలా ఉంచండి. మన ఊళ్ళో అరుగు మీద కూర్చున్న మనిషికి అది తెల్లవాళ్ళ తగువు. మనకి నచ్చినా నచ్చకపోయినా ఇంకో మాట కూడా చెప్పాలి. మొదట్లో ఆ యుద్ధం డెల్టా రైతుకు కీడుగా రాలేదు. 1930 ప్రాంతాల ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి, శిస్తు కట్టలేక, అప్పులు తీర్చలేక రైతులు నలిగిపోయి ఉన్నారు. యుద్ధం మొదలయ్యాక ధరలు లేచాయి. "యుద్ధం వచ్చి బస్తాకి ప్రాణం వచ్చింది" అని మా నాన్నగారి తండ్రి అనేవారట. మన పంచదార ఫ్యాక్టరీ సహకార సంఘం నుంచి కేసీపీ చేతికి వచ్చింది కూడా ఆ యుద్ధకాలంలోనే, 1941లో. గిట్టుబాటు రూపంలో వచ్చినదాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఇక్కడ కాసేపు నా వృత్తిలోకి వెళ్ళనివ్వండి. మనందరం కాలవ గట్ల మీద పెరిగినవాళ్ళం. వరదల రోజుల్లో లస్కరు లాంతరు పట్టుకుని రాత్రంతా గట్టు వెంట తిరగడం పెద్దవాళ్ళు చూసే ఉంటారు. దేనికోసం తిరిగేవాడు? బుంగల కోసం. ఎండ్రకాయ చేసిన బొరియో, ఎలక కన్నమో నీటికి దారి ఇస్తుంది. గట్టుకి అవతల పక్క చెమ్మ కనబడుతుంది, తర్వాత ఊట. ఊట నీరు తేటగా ఉన్నంతసేపు కంగారు లేదు. అది బురదగా మారిందంటే మాత్రం నీరు గట్టులోని మట్టిని మోసుకొస్తోందని అర్థం. అప్పుడు ఇసుక బస్తాలతో పరిగెత్తాలి. లేకపోతే తెల్లారేసరికి గండి. గండి ఒక్క క్షణంలో పడినట్టు కనిపిస్తుంది కానీ, బుంగ వారం నుంచీ ఉంటుంది.

నిజంగా తటస్థంగా ఉన్న దేశం యుద్ధంలోకి ఎలా జారుతుందో చూడాలంటే అమెరికాను చూడాలి. ఈ హాల్లో సగంమంది పిల్లలు అక్కడే ఉన్నారు కాబట్టి మీకు ఆసక్తి ఉంటుంది. 1935లో వాళ్ళు తటస్థత చట్టం చేసుకున్నారు. యుద్ధం చేసే ఏ దేశానికీ ఆయుధాలు అమ్మకూడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బ తిన్న జనం, "ఇంకోసారి వద్దు" అని చట్టంతో గట్టు కట్టుకున్నారు. మంచి గట్టే.

1939 నవంబరులో ఆ చట్టాన్ని కొంచెం సవరించారు. రొక్కం ఇచ్చి, సొంత ఓడలో పట్టుకుపోతే అమ్ముతాం అన్నారు. అందరికీ ఒకటే నిబంధన. కాకపోతే సముద్రం మీద ఓడలు తిప్పగలిగింది బ్రిటన్ పక్షమే. 1940 సెప్టెంబరులో యాభై పాత డిస్ట్రాయరు నౌకలు బ్రిటన్‌కిచ్చి, దానికి బదులు బ్రిటిషు వలసల్లో 99 ఏళ్ళ లీజుకి స్థావరాలు తీసుకున్నారు. ఆ డిసెంబరులో రూజ్వెల్టు విలేఖరులకు, పక్కింటికి నిప్పంటుకుంటే నీళ్ళ గొట్టం అరువిస్తాం కానీ ముందు డబ్బు తెమ్మనం కదా అన్న అర్థంలో ఒక పోలిక చెప్పాడు. 1941 మార్చిలో డబ్బు లేకుండానే ఆయుధాలిచ్చే చట్టం వచ్చింది. ఇచ్చిన సరుకు మధ్యలో మునిగిపోతుంటే చూస్తూ ఊరుకుంటామా? సరుకు ఓడలకు కాపలాగా యుద్ధనౌకలు బయలుదేరాయి. ఆ అక్టోబరు 31న రూబెన్ జేమ్స్ అనే అమెరికా యుద్ధనౌకను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి అమెరికా ఇంకా తటస్థ దేశమే! పెర్ల్ హార్బర్ మీద జపాను పడటానికి ఇంకా ఐదు వారాలుంది.

ఏ మెట్టుకి ఆ మెట్టు చూస్తే ప్రతి నిర్ణయంలోనూ న్యాయం ఉంది. హిట్లర్ పక్కింటికి నిప్పంటించిన మాట నిజం, గొట్టం ఇవ్వడం తప్పని నేను అనను. నేను చెప్పేది మెట్ల గురించే. ఊట ఎప్పుడు బురదగా మారిందని ఎవరైనా అడిగితే, నా లెక్కలో కాపలా ఓడలు బయలుదేరిన రోజున. అక్కడి నుంచి యుద్ధమా శాంతా అన్నది వాషింగ్టన్‌లో కాక, నడిసముద్రంలో ఒక జలాంతర్గామి కెప్టెన్ చేతిలోకి వెళ్ళింది.

మరి దీనికీ మన ఊరికీ సంబంధం ఏమిటి? ఉంది. జపాను అప్పటికి చైనాలో నాలుగేళ్ళుగా యుద్ధం చేస్తోంది, ఆ యుద్ధానికి కావలసిన చమురులో ఎక్కువ భాగం కొంటున్నది అమెరికా దగ్గరే. 1941 జులైలో జపాను దక్షిణ ఇండోచైనాలోకి సైన్యాన్ని దించగానే అమెరికా ఆ వాల్వు కట్టేసింది. నిల్వలు అయిపోయేలోగా జపాను వెనక్కి తగ్గాలి, లేదా చమురున్న చోటికి వెళ్ళాలి. అది రెండోది ఎంచుకుంది. తూర్పు ఇండీస్ చమురు, మలయా రబ్బరు. దాంతోపాటు బర్మా. ఎందుకంటే చైనాకు ఆయుధాలు వెళ్ళే రోడ్డు మొదలయ్యేది రంగూన్ రేవు నుంచి. మన పెద్దవాళ్ళు ఆ ఊరిని రంగం అనేవారు.

రంగం పేరు చెబితే మా అమ్మమ్మ ముఖం మారేది. ఆవిడ పెద్దన్నయ్య అక్కడి బియ్యం మిల్లులో పనిచేసేవాడు. మేము "రంగం తాతయ్య" అనేవాళ్ళం. కాకినాడలో ఓడెక్కితే రంగంలో దిగడమే. అక్కడి రేవు కూలీల్లో, మిల్లుల్లో, రిక్షా లాగేవాళ్ళలో మన కోస్తా జిల్లాల వాళ్ళు లెక్కలేనంతమంది. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని "కోరంగీలు" అనేవారు, గౌరవంగా కాదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. 1937దాకా బర్మా ఇండియాలో భాగమే కూడా. పొరుగు దేశానికి వెళ్ళినట్టు కాదు, పక్క జిల్లాకి వెళ్ళినట్టే వెళ్ళేవారు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు వేసింది. మళ్ళీ క్రిస్మస్ రోజున వేసింది. వీధుల్లో నిలబడి విమానాల్ని వింతగా చూస్తున్నవాళ్ళు ఎక్కువగా చనిపోయారు. రేవు కూలీలు పారిపోయారు, రేవు ఆగిపోయింది. రంగం తాతయ్య, ఆయన మిల్లువాళ్ళు ముగ్గురు కలిసి బయలుదేరారు. ఓడ టిక్కెట్టు దొరికేది డబ్బున్నవాళ్ళకి. వీళ్ళు ప్రోమ్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి అరకాన్ కొండలు కాలినడకన దాటి, టౌంగుప్ మీదుగా సముద్రం ఒడ్డు చేరి, పడవల మీద అక్యాబ్, అక్కడి నుంచి చిట్టగాంగ్. ఆ కొండదారిలో నీళ్ళు లేవు. ఉన్నచోట కలరా ఉంది. నలుగురిలో ఇద్దరే చిట్టగాంగ్ చేరారు.

ఆ దారిలోనూ, మణిపూరు దారిలోనూ, ఇంకా ఉత్తరాన అడవిదారిలోనూ నడిచి వచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. దారిలో పోయినవాళ్ళు పదుల వేలల్లో ఉంటారని చరిత్రకారుల అంచనా. తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఒక దారి పెట్టారని కాంగ్రెసు అప్పట్లోనే గట్టిగా ఆరోపించింది. రంగం తాతయ్య వచ్చాక మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదని అమ్మమ్మ చెప్పేది. తర్వాత మాట్లాడాడు కానీ, మిగిలిన ఇద్దరి ఇళ్ళవైపు మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ ఇద్దరిలో ఒకరి భార్య చాలా ఏళ్ళు బొట్టు తీయలేదట. చూసినవాళ్ళెవరూ వచ్చి చెప్పలేదు కదా అనేదట.

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. చూసినవాడు అదే ఊళ్ళో ఉన్నాడు.

ఇక 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఈస్టరు ఆదివారం నాడు జపాను విమానవాహక నౌకలు కొలంబో మీద దాడి చేశాయి. అదే సమయంలో ఇంకో నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చి సరుకు ఓడల్ని వేటాడింది. అందులో ర్యూజో అనే నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అమ్మమ్మకి అప్పుడు పదిహేడేళ్ళు. ఎండాకాలంలో ఉరుమేమిటి అనుకుని, ఆరుబయట ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి పరిగెత్తిందట. ఆ రోజు నుంచి విశాఖ నుంచి జనం ఇళ్ళకు తాళాలేసి పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరు తరలించారు. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు మూటాముల్లె సర్దుకుని లోపలి జిల్లాలకు వెళ్ళాయి. అక్కడి జంతుప్రదర్శనశాలలో క్రూరమృగాల్ని, బాంబు పడితే తప్పించుకుంటాయేమోనని కాల్చేశారు. బాంబులకంటే భయం ఎక్కువ దూరం వెళ్ళింది.

నేను విశాఖలో ఇరవై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేశాను. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఆ రోజు నాటి బాంబు ఒకటి పెట్టారు. ఇసుక కోసుకుపోయినప్పుడు తీరంలో ఆనాటి కాంక్రీటు పిల్‌బాక్సులు కూడా బయటపడుతుంటాయి. సముద్రం వైపు సన్నటి సందు, లోపల నుంచి తుపాకి గురిపెట్టడానికి. ఎనభై ఏళ్ళు ఉప్పుగాలిలో నిలిచిన కాంక్రీటు అది, ఇంజనీరుగా నాకు ముచ్చటేస్తుంది. పిల్లలు దాని మీద ఎక్కి సెల్ఫీలు దిగుతుంటారు. మనకి దగ్గరలోనూ గుర్తుంది. ఇవాళ మనం హైదరాబాదుకో ఢిల్లీకో విమానమెక్కే గన్నవరం ఆ యుద్ధకాలంలో సైన్యం వాడిన స్థావరమే.

కాకినాడ మీద బాంబులు పడినప్పుడు సర్ స్టాఫర్డ్ క్రిప్స్ ఢిల్లీలో ఉన్నాడు. యుద్ధానికి సహకరించండి, తర్వాత స్వపరిపాలన ఇస్తాం అని మాట్లాడుతున్నాడు. ఏప్రిల్ రెండో వారంలో చర్చలు విఫలమై వెళ్ళిపోయాడు. ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం. మర్నాడు పొద్దున్నే నాయకుల్ని పట్టుకుని, వాళ్ళలో చాలామందిని అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. మన బందరు పట్టాభి సీతారామయ్యగారు కూడా అందులో ఉన్నారు. కృష్ణకి అవతల తెనాలిలో ఆగస్టు 12న జనం రైల్వే స్టేషను తగలబెడితే పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో వాళ్ళ స్మారక చిహ్నాలున్నాయి, తెనాలి వెళ్ళినప్పుడు చూడండి. మనల్ని అడక్కుండా మనల్ని యుద్ధంలో కలిపిన ఆ సెప్టెంబరు 3కి తెనాలి వీధుల్లో వచ్చిన జవాబు అది.

అందరూ ఒకే మాట మీద ఉన్నారా అంటే లేరు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ రష్యా మీద పడ్డాక కమ్యూనిస్టులు దీన్ని ప్రజాయుద్ధం అన్నారు. కాంగ్రెసువాళ్ళు జైళ్ళలో, వీళ్ళు బయట. మన జిల్లాలో ఇది ఇళ్ళని చీల్చింది. మా తాతగారు ఖద్దరు, ఆయన తమ్ముడు ఎర్రజెండా. ఒకే అరుగుకి చెరో చివర కూర్చునేవారట. మధ్యలో మా నాయనమ్మ మజ్జిగ గ్లాసులు రెండు వైపులా పంచేదట. ఎవరు రైటని ఇప్పుడు నన్నడిగితే, ఫాసిజం గెలిచి ఉంటే మనకి స్వాతంత్ర్యం వచ్చేది కాదని తమ్ముడన్నదీ నిజమే, అడక్కుండా తీసుకెళ్ళినవాడికి సాయం ఎందుకు చేయాలని అన్న అన్నదీ నిజమే. నేను మజ్జిగ పంచినావిడ మనవణ్ణి.

యుద్ధం మన డెల్టాకి అన్నిటికంటే బలంగా తగిలింది అన్నం దగ్గర. మనది అన్నపూర్ణ అంటాం. కానీ దేశానికి మొత్తంగా బియ్యం చాలేది కాదు. బర్మా నుంచి ఏటా పదిలక్షల టన్నులకు పైగా వచ్చేది. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది, ఆ బియ్యం ఆగిపోయింది. కిరసనాయిలూ అక్కడి నుంచే ఎక్కువగా వచ్చేది, అదీ ఆగింది. మలబారు, తిరువాన్కూరు బర్మా బియ్యం మీదే బతికేవి. వాళ్ళకిప్పుడు ఎక్కడి నుంచి తేవాలి? కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి. ధరల కంట్రోలు, రేషను కార్డు, ధాన్యం సేకరణ అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మొదట్లో "బస్తాకి ప్రాణం వచ్చింది" అన్న మా తాతగారే, తర్వాత గాదె దగ్గరికి అధికారులు వచ్చి గింజలు కొలుస్తుంటే నిలబడి చూశారు.

అమ్ముకున్న డబ్బు మాత్రం ఏం నిలిచింది? సైన్యానికి కావలసినవన్నీ ఇక్కడే కొని, డబ్బు మాత్రం లండన్‌లో ఖాతాలో రాసేవారు, తర్వాత ఇస్తాం అని. ఇక్కడ దానికి బదులు నోట్లు అచ్చు వేశారు. యుద్ధం ముగిసేసరికి చెలామణీలో ఉన్న నోట్లు ఆరింతలకు పైగా పెరిగాయి. చేతిలో నోట్లు ఎక్కువ, అంగట్లో బట్ట లేదు. అమ్మమ్మ పెళ్ళికి పట్టుచీర కాదు గదా, నూలు చీరకే కంట్రోలు దుకాణం ముందు వరసలో నిలబడ్డారట. మనకి అది చీర. బెంగాలుకి అది ప్రాణం. 1943 కరువులో అక్కడ దాదాపు ముప్ఫై లక్షల మంది చనిపోయారని అంచనా. ఒక్క యుద్ధరంగంలో కూడా లేని జనం వాళ్ళు. యుద్ధం మొదలయ్యేనాటికి రెండు లక్షలున్న భారత సైన్యం పాతిక లక్షలు దాటింది, దాదాపు 87 వేలమంది పోయారు. కరువులో పోయినవాళ్ళు దానికి ముప్ఫై రెట్లకు పైనే.

ఇదంతా పాత కథ కదా, ఇప్పుడెందుకు అని మీరు అనుకోవచ్చు. ఫిబ్రవరి 24, 2022 పొద్దున్న మా అక్క ఫోను చేసి, "వాడు ఫోను ఎత్తట్లేదురా" అంది. వాడంటే మా మేనల్లుడు. ఉక్రెయిన్‌లో విన్నిట్సియాలో మెడిసిన్ చదువుతున్నాడు. మన దేశం ఆ యుద్ధంలో ఎవరి పక్షమూ కాదు. ఐక్యరాజ్యసమితిలో ఓటు వేయకుండా ఊరుకుంది. ఈసారి నా సున్నా జవాబు అక్షరాలా నిజం! అయినా మావాడు నేలమాళిగలో మూడు రాత్రులు కూర్చున్నాడు. బస్సు వాణ్ణి రొమేనియా సరిహద్దుకి పన్నెండు కిలోమీటర్ల ముందు దింపేసింది, మంచులో నడిచాడు. ప్రభుత్వం విమానాలు పంపింది. ఆ దేశం నుంచి ఇరవై రెండు వేల మందికి పైగా మన పిల్లలు తిరిగొచ్చారు. 1942లో అరకాన్ కొండలు దిగినవాళ్ళ కోసం ఎవరూ విమానం పంపలేదు. తేడా అదే, చిన్న తేడా కాదు. ఇప్పుడు మన లాకుల తాళం చెవి మన దగ్గరుంది.

బుంగలు మాత్రం ఉన్నాయి. మన వంటింట్లో సన్‌ఫ్లవర్ నూనె ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచి వచ్చేదని మనలో ఎంతమందికి తెలుసు? లీటరు రెండు వందల దాకా పోయినప్పుడు తెలిసింది. ఆ ఏడు డీఏపీ బస్తా మీద కేంద్రం ఇచ్చే సబ్సిడీ 1,650 రూపాయల నుంచి 2,501కి పెరిగింది. రైతు కట్టే ధర పెద్దగా మారలేదు కాబట్టి మనకి కనపడలేదు, ఖజానాకి కనపడింది. ఉద్యోగం అని చెప్పి తీసుకెళ్ళి రష్యా సైన్యంలో చేర్చితే, హైదరాబాదు యువకుడొకరు 2024లో అక్కడే చనిపోయాడు. ఏ దేశం తరఫున పోయినట్టు అతను?

మన బ్యాచి వాట్సాప్ గ్రూపులో దీని మీద రోజూ రెండు పార్టీలు. తటస్థంగా ఉండటం పిరికితనం అని ఒకళ్ళు, తెలివి అని ఒకళ్ళు. నా మట్టుకు తటస్థంగా ఉండటమే మంచిదనిపిస్తుంది. కాకపోతే అది ఒకసారి ప్రకటించి ఇంటికెళ్ళి పడుకునే పని కాదు. నూనె ఎక్కడి నుంచి వస్తోంది, ఎరువు ఎక్కడి నుంచి వస్తోంది, పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారు, ఎవరికి ఏం అమ్ముతున్నాం, అమ్మినదానికి ఎవరు కాపలా వెళుతున్నారు అని లస్కరులాగా లాంతరుతో తిరుగుతూ ఉండాలి. నాకు అన్నిటికంటే భయం వేసేది మా తాతగారి మొదటి మాటే. ఇప్పుడు కూడా ఎక్కడ యుద్ధం వచ్చినా, "మనకి ఆర్డర్లు పెరుగుతాయట" అని ముందు వచ్చేది ఆ కబురే.

మా మేనల్లుడు క్షేమంగా వచ్చాక ఒక మాట చెప్పాడు. వాళ్ళతో నడిచిన ఒక కుర్రాడు మధ్యలో ఆగిపోయాడట, కాలు వాచి. వీళ్ళు ముగ్గురు ఆగి, వాడి బ్యాగు పారేసి, వాణ్ణి భుజాల మీద వేసుకుని సరిహద్దు దాటించారట. ఆ రాత్రి నాకు రంగం తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన్ని తప్పు పట్టడం లేదు. ఆ కొండల మీద ఏం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయన కోసం కాదు, బొట్టు తీయని ఆ ఇంటావిడ కోసం.

భోజనాల గంట అయింది, వాసన ఇక్కడిదాకా వస్తోంది. అమ్మమ్మ 2009లో పోయింది. ఆ రేకు పెట్టె నా దగ్గరుంది. అందులో మూడు కాణీలు ఇవాళ తెచ్చాను. రెండు మన బడి లైబ్రరీకి ఇస్తున్నాను, హెడ్మాస్టారుగారూ, గాజు బీరువాలో పెట్టించండి, పిల్లలు చిల్లు ఎందుకని అడిగితే ఎవరైనా చెప్పాలి. మూడోది మాస్టారికి. మాస్టారూ, ఆ సున్నా దిద్దమని అడగటం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగాను, అంతే.